కాకతాళీయం కూడా ఒక మంత్రమే

మా ఊళ్ళో ఒక కారు జోస్యం చెప్పడం మొదలుపెట్టింది. నవ్వకండి. దాని మాట విని ఒక ఆడపిల్ల చదువు ఆపేయబోయారు.

ఊరంటే పోర్ట్ బ్లెయిర్. 2024 సెప్టెంబరులో దాని పేరు శ్రీ విజయపురం అని మార్చారు గానీ, నాకింకా నోరు తిరగడం లేదు. కారు మా బావగారిది. రక్తసంబంధం లేదు. ఆయన ఆఫీసులో నాకు సీనియర్, సిక్కోలు వైపు మనిషి, ఆయన భార్యను అక్కయ్యా అని పిలవడం ముప్పై ఏళ్ళ అలవాటు. 1987 నాటి అంబాసిడర్. మార్క్ 4. దాన్ని ఆయన ఎలా చూసుకునేవారంటే, ఆదివారం పొద్దున్నే వాళ్ళింటికెళ్తే ముందు కారు కింద నుంచి రెండు కాళ్ళు కనిపించేవి, తర్వాతే మనిషి.

బావగారు 2024 జూన్‌లో పోయారు. అక్టోబరు మొదట్లో అబ్బాయి కారు బయటికి తీశాడు. శ్మశానానికి దారి చీలే మలుపు దగ్గరికి రాగానే స్పీడోమీటర్ ముల్లు ఒక్కసారి 60కి ఎగిరి, 20కి పడి, మళ్ళీ ఎగిరి, పిచ్చిపట్టినట్టు ఊగింది. మలుపు దాటి రోడ్డు ఎక్కాక మామూలుగా నిలబడింది. వెనక సీట్లో అక్కయ్య చేతులు జోడించింది. మర్నాడూ అక్కడే ఊగింది. ఆ మర్నాడూ అంతే. 37 ఏళ్ళు ఊగని ముల్లు ఆయన పోయాకే ఊగడమేమిటి, అదీ ఆ మలుపులోనే ఊగడమేమిటి అని ఇంటిల్లిపాదికీ అనుమానం పట్టుకుంది.

ఆ సంగతి నాకు చెప్పినప్పుడు నేనేం చేశాను? హేతువాద సంఘంలో పాతికేళ్ళ సభ్యత్వం ఉన్నవాడిని కదా, చిరునవ్వు నవ్వి "అక్కయ్యా, దీన్ని కాకతాళీయం అంటారు" అన్నాను. కాకి వాలింది, తాటిపండు రాలింది, రెండిటికీ సంబంధం లేదు అని వివరించి, ఇచ్చిన కాఫీ తాగి ఇంటికొచ్చేశాను. చాలా బాగా చెప్పానని కూడా అనుకున్నాను. ఈ వ్యాసం రాయడానికి సగం కారణం ఆ చిరునవ్వే.

నేను వదిలేసిన ఖాళీలోకి మరొకాయన వచ్చారు. ఆంధ్రాలో ఉండే ఒక సిద్ధాంతి. ఈ రోజుల్లో సిద్ధాంతులకు సముద్రం అడ్డం కాదు, ఫోన్‌లో వీడియో కాల్ ఉంది. అబ్బాయి కారు నడుపుతుంటే, పక్కన బంధువొకాయన ఫోన్ పట్టుకుని ఊగుతున్న ముల్లును చూపించాడు. సిద్ధాంతిగారు కళ్ళు మూసుకుని, పోయినాయన ఏదో అడ్డు చెబుతున్నాడు, ఇంట్లో ఈమధ్య ఏ నిర్ణయం తీసుకున్నారు అని అడిగారు. ప్రశ్నలోని తెలివి చూడండి. ఏ ఇంట్లో ఏ నిర్ణయమూ ఉండదు? సరిగ్గా ఆ వారమే అమ్మాయికి విశాఖలో నర్సింగ్ సీటు వచ్చింది. ఉత్తరం తీసుకుని వస్తుంటే ముల్లు 80 దాకా వెళ్ళిందట. అంతే, అర్థం దొరికిపోయింది. ఆడపిల్ల సముద్రం దాటి వెళ్ళడం తండ్రికి ఇష్టం లేదు! మూడు వేల నూట పదహార్లకు శాంతి చేయించారు. నాలుగు రోజులు ముల్లు బుద్ధిగా ఉంది. అయిదో రోజు మళ్ళీ ఊగింది. శాంతి సరిపోలేదు, ఈ ఏడాదికి చదువు మాట ఎత్తవద్దని తీర్పు వచ్చింది. ఫీజు కట్టడానికి గడువు పన్నెండు రోజులు.

అమ్మాయి నాకు ఫోన్ చేసి ఒకే మాట అడిగింది. "మావయ్యా, మీరు కాకతాళీయం అన్నారు కదా. మరి రోజూ ఎందుకవుతోంది?"

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే నేను కారు తలుపు కూడా తీసి చూడలేదు.

అసలు దగా ఇక్కడే ఉంది. అది సిద్ధాంతి ఒక్కడిదీ కాదు. ఉదయం నడకలో మాతో కలిసే రిటైర్డ్ ఇంజనీరు ఒకాయన "కొన్ని వైబ్రేషన్స్ ఉంటాయండీ, సైన్స్‌కి అన్నీ తెలుసా?" అన్నాడు. జీవితమంతా యంత్రాల మధ్య గడిపినవాడు! సైన్స్‌కి అన్నీ తెలియవు, నిజమే. కానీ స్పీడోమీటర్ సంగతి తెలుసు. 1902లో ఒట్టో షుల్జే అనే జర్మన్ దానికి పేటెంట్ తీసుకున్నాడు. సైన్స్‌కు తెలియని వాటి జాబితాలో దీన్ని కలపడానికి నూటపాతికేళ్ళు ఆలస్యమైంది. సిద్ధాంతి "పితృదేవత" అన్నాడు, ఇంజనీరు "వైబ్రేషన్స్" అన్నాడు, నేను "కాకతాళీయం" అన్నాను. ముగ్గురం తలా ఒక మంత్రం చదివాం. బానెట్ ఎవరమూ ఎత్తలేదు.

నేను మెకానిక్‌ని కాను. బి.కాం. చదివి రక్షణ శాఖ లెక్కల్లో తలనెరిసినవాడిని. నాకు తెలిసిన విద్య ఒక్కటే, రెండు పుస్తకాల్లో అంకెలు కలవకపోతే ఎక్కడ కలవలేదో పట్టుకోవడం. ఒక నోటుపుస్తకం తీసుకుని అబ్బాయి పక్కన కూర్చున్నాను. ముల్లు ఊగిన ప్రతిసారీ చోటు, గేరు, టైము రాశాను. నాలుగు రోజుల్లో మలుపు దగ్గర 11 సార్లు ఊగింది. మిగతా చోట్ల 37 సార్లు. బజారులో, బడి ముందు, స్పీడ్ బ్రేకర్ దాటాక, వాళ్ళ సందులోకి తిరిగేటప్పుడు. ఆ 37 ఎవరూ చూడలేదా? చూశారు. లెక్కలోకి తీసుకోలేదు. మలుపు రాగానే అందరి కళ్ళూ ముల్లు మీదకి వెళ్ళేవి, మిగతా దారంతా కబుర్లు.

రెండో పని, కిలోమీటరు రాళ్ళు. రాయికీ రాయికీ మధ్య 90 సెకన్లు పడితే వేగం గంటకు 40. 120 సెకన్లయితే 30, 72 అయితే 50. గడియారం ఒకటుంటే స్పీడోమీటర్‌ను ఎవరైనా ఆడిట్ చేయొచ్చు. ముల్లు నిలకడగా ఉన్నప్పుడు దాదాపు నిజమే చెబుతోంది. అంతకన్నా ముఖ్యం, ముల్లు ఊగుతున్నంతసేపూ పక్కన కిలోమీటర్ల అంకెలు మాత్రం రాళ్ళతో సరిగ్గా కలుస్తున్నాయి. ముల్లూ అంకెలూ ఒకే తీగ మీద ఆధారపడి పనిచేస్తాయి. తీగ తెగినా, గేర్‌బాక్స్ దగ్గర పళ్ళు అరిగినా అంకెలు కూడా తప్పాలి. తప్పలేదు. అంటే మొత్తం చుట్లు సరిపోతున్నాయి, ఆ చుట్లు సమంగా రావడం లేదు. (బావగారి ఆత్మకు ముల్లు మీద ఉన్న కోపం పక్కనే ఉన్న అంకెల మీద ఎందుకు లేదో సిద్ధాంతిగారిని అడిగించాను. ఫోన్ కట్ అయింది. అండమాన్‌లో సిగ్నల్ సంగతి మీకు తెలియనిది కాదు.)

మూడోది అసలు పరీక్ష. పుస్తకంలో రాసిన 48 సార్లలో దాదాపు అన్నీ 25కీ 35కీ మధ్య వేగంలో పడ్డవే. శ్మశానం మలుపు దిగుడు మలుపు, ఎవరైనా అక్కడ ఆ వేగానికే వస్తారు. తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు అబ్బాయి చేత ఆ మలుపును మూడో గేరులోకి దిగకుండా, 45 దగ్గర ఉంచి దాటించాను. జాగ్రత్తగానే లెండి. ముల్లు కదల్లేదు. రెండుసార్లు చేశాం, రెండుసార్లూ కదల్లేదు. తర్వాత ఊరి అవతల తిన్నటి రోడ్డు మీద, చుట్టూ కొబ్బరిచెట్లు తప్ప ఏమీ లేనిచోట, సరిగ్గా 30 మీద నడిపించాను. ముల్లు శివాలెత్తింది. అబ్బాయి కారు పక్కకి ఆపి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే చోటు కాదా మావయ్యా, స్పీడా?" అన్నాడు. వాడికి నేను ఏమీ చెప్పలేదు, వాడే చూశాడు.

ఇప్పుడు ఆ మీటరు ఎలా పనిచేస్తుందో చెప్పాలి, ఎందుకంటే అది దెయ్యం కథ కన్నా బాగుంటుంది. గేర్‌బాక్స్ చివర నుంచి డాష్‌బోర్డు దాకా ఒక గొట్టంలో సన్నటి ఉక్కు తీగ తిరుగుతూ వస్తుంది. దాని కొన ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. అయస్కాంతాన్ని కప్పుతూ పలచటి అల్యూమినియం గిన్నె, ఆ గిన్నెకే ముల్లు బిగించి ఉంటుంది. అయస్కాంతమూ గిన్నే ఒకదాన్నొకటి తాకవు. పైగా అల్యూమినియం అయస్కాంతానికి అంటుకునే లోహం కాదు. అయినా అయస్కాంతం తిరుగుతుంటే గిన్నెలో సుడి ప్రవాహాలు, అదే ఎడ్డీ కరెంట్లు, పుడతాయి. వాటి వల్ల గిన్నె అయస్కాంతం వెంట తిరగబోతుంది. వెంట్రుక లాంటి స్ప్రింగు ఒకటి దాన్ని వెనక్కి లాగుతుంది. ఆ రెండు లాగుళ్ళూ సరితూగిన చోట ముల్లు నిలుస్తుంది. కంటికి కనిపించని శక్తి ముట్టుకోకుండా ముల్లును కదుపుతోందని అక్కయ్య అన్నది అక్షరాలా నిజం. కారు కొన్నప్పటి నుంచీ కదుపుతూనే ఉంది.

ఇక లోపం తీగలోనా, మీటరులోనా? మీటరు వెనక గరుకు నట్టు విప్పి తీగను ఊడదీసి, డ్రిల్లు మిషనుకు చదరపు ముక్క ఒకటి బిగించి మీటరును విడిగా తిప్పాం. మొదట అటుదిటు తిప్పి, ముల్లు కింద నుంచి లేవకపోతే భయపడ్డాను కూడా. దిక్కు మార్చి నెమ్మదిగా తిప్పినా, వేగంగా తిప్పినా ముల్లు నిలకడగా నిలబడింది. మీటరు నిర్దోషి. తీగను గొట్టంలోంచి బయటికి లాగాను. కిందిసగం నల్లటి పాత గ్రీజు ఎండిపోయి తారులా అంటుకుంది. పైభాగం జానెడు మేర ఎర్రగా తుప్పు. టేబుల్ మీద గాజుపలక పెట్టి తీగను దొర్లించి చూశాం, ఎక్కడా వంకర లేదు, ఎగిరిపడలేదు. వంకర ఉంటే కొత్తది వేయక తప్పదు, చెన్నై నుంచి రావాలి, ఓడ ఎప్పుడొస్తుందో ఓడకే తెలియదు.

తుప్పుపట్టిన బావి గిలక మీద చేద లాగినవాళ్ళకు మిగతాది చెప్పనక్కర్లేదు. నెమ్మదిగా లాగితే గిలక పట్టేస్తుంది, తాడు బిగుసుకుంటుంది, ఒక్కసారి వదిలేస్తుంది, మళ్ళీ పట్టేస్తుంది. గబగబా లాగితే ఆ ఊపులో తిరిగిపోతుంది. తీగ కూడా అంతే. 30 దగ్గర గొట్టంలో పట్టేసి, మెలిపడి, విడిపోయి అయస్కాంతాన్ని ఒక్క విసురు విసురుతుంది, ముల్లు 60కి ఎగురుతుంది. 45 దగ్గర ఆ ఊపే దాన్ని లాక్కుపోతుంది.

తీగను కిరోసిన్‌లో నానబెట్టి, గుడ్డతో తుడిచి, తుప్పును సన్నటి ఎమెరీ కాగితంతో గీకాం. గొట్టంలో కూడా కిరోసిన్ పోసి, కారుతున్నది తేటబడే దాకా కడిగి ఆరబెట్టాం. పలచగా కొత్త గ్రీజు రాశాం, పై జానెడు వదిలేసి. ఆ జానెడు ఎందుకంటే, తిరిగే తీగ గ్రీజును మరలా పైకి ఎక్కిస్తుంది, అది మీటరులోకి వెళ్ళి గిన్నెకు అంటితే ముల్లు ఇంకా పెద్ద అబద్ధాలు చెబుతుంది. మళ్ళీ బిగించేటప్పుడు గొట్టం ఎక్కడా గట్టిగా వంగకుండా చూశాం. మొత్తం ఒక ఆదివారం, అరలీటరు కిరోసిన్.

శాంతి చేసిన తర్వాత నాలుగు రోజులు ముల్లు ఎందుకు నిలబడింది? పుస్తకం తిరగేస్తే దొరికింది. నా పుస్తకం కాదు, బావగారి కారు ఖర్చుల పుస్తకం, అబ్బాయి కొనసాగిస్తున్నాడు. శాంతికి ముందురోజు ఒక షెడ్డులో మీటరు వైపు నుంచి తీగలోకి నాలుగు చుక్కల ఆయిల్ పోయించినట్టు అందులో రాసి ఉంది. ఆ ఆయిల్ కిందికి జారిపోయేదాకా ముల్లు బాగుంది. ఆ ఫలితాన్ని పూజ పద్దు కింద జమ రాశారు. తప్పు పద్దులో జమ పడితే మా ఆఫీసులో సంజాయిషీ అడుగుతారు, గుళ్ళో అయితే రెండో పూజ రాయిస్తారు.

ఇక నాకు సిగ్గు అనిపించిన సంగతి. ఆయన పోయాకే ఎందుకు మొదలైంది? మీరూ నాలాగే కాకతాళీయం అనబోతున్నారేమో, ఆగండి. కాదు. ఆయన పోయారు కాబట్టే మొదలైంది. ఆదివారం ఆదివారం కారు కింద దూరే మనిషి లేడు. సూతకమని కారు ఎవరూ ముట్టుకోలేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మా దీవుల్లో వర్షం సంగతి చెప్పక్కర్లేదు, సముద్రపు గాలిలో ఉప్పు సరేసరి. టార్పాలిన్ కింద ఆ తేమలో నాలుగు నెలలు కదలకుండా నిలబడిన కారులో, ముసలి గ్రీజు గట్టిపడింది, తీగ తుప్పుపట్టింది. మరణానికీ ముల్లుకూ సంబంధం ఉందని అక్కయ్య అన్నది రైటు. లేదని నేను అన్నది తప్పు. సంబంధం ఎలాంటిదన్న దగ్గరే ఆమె పొరపడింది, నేనైతే అక్కడిదాకా వెళ్ళనే లేదు.

మిత్రులారా, మనం దీన్ని తరచూ చేస్తున్నాం. ఒకామె తను కళ్ళారా చూసింది చెబుతుంది, మనం "భ్రమ", "యాదృచ్ఛికం" అని చీటీ అంటించి పక్కన పెడతాం. ఆమె చూసింది భ్రమ కాదని ఆమెకు తెలుసు. అప్పుడు ఆమెకు సిద్ధాంతి కన్నా మనమే పెద్ద అబద్ధాలకోరుల్లా కనిపిస్తాం. 1995 సెప్టెంబరు 21న వినాయకుడి విగ్రహాలు పాలు తాగినప్పుడు పాలు చెంచాలోంచి నిజంగానే పోతున్నాయి. తలతన్యత, కేశనాళికా చర్య అని పేర్లు చెబితే జనం వినలేదు. పాలల్లో రంగు కలిపి, అవి విగ్రహం ఒంటిమీంచి కిందికి కారడం చూపించిన శాస్త్రవేత్తలే ఆ రోజు అసలు పని చేశారు. ఏబ్రహాం కోవూర్ దెయ్యాలు లేవని ఉపన్యాసం ఇచ్చి ఊరుకోలేదు, దెయ్యం ఉందన్న ఇళ్ళకు వెళ్ళి ఆ ఇంటి మనుషులతో కూర్చున్నాడు.

ఊగే ముల్లు అనగానే మా దీవులదే మరొకటి గుర్తొస్తుంది. 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ దగ్గర భూకంపం వచ్చింది. పోర్ట్ బ్లెయిర్‌తో సహా బంగాళాఖాతం చుట్టూ ఉన్న రేవుల్లో ఆటుపోట్లను కాగితం మీద గీసే యంత్రాలు ఆ సునామీ అలల్ని గీశాయి. ఆ గీతల్ని యంత్రం చాదస్తం అని ఎవరూ చెరిపేయలేదు, సముద్రుడి కోపం అని దండం పెట్టి వదిలేయలేదు, భద్రపరిచారు. 122 ఏళ్ళ తర్వాత, 2003లో, ఓర్టిజ్, బిల్హామ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ పాత గీతల నుంచే ఆ భూకంపం తీవ్రత 7.9 అని లెక్కగట్టారు. ఆ మరుసటి ఏడాది డిసెంబరు 26న ఏమైందో మా ఊళ్ళో ఎవరికీ గుర్తుచేయనక్కర్లేదు.

"పోనీలెండి, నమ్మకం వల్ల ఎవరికేం నష్టం?" అనే పెద్దమనుషులకు ఒక మాట. నవంబరులో ఈ కుటుంబం రంగత్‌లో బంధువుల ఇంటికి బయల్దేరింది. జిర్కాటాంగ్ నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా జారవాల అడవి. అక్కడ బళ్ళన్నీ కాన్వాయ్‌గా వెళ్ళాలి, 40 దాటకూడదు, ఆగకూడదు, ముందుబండిని దాటకూడదు. (అసలు ఆ రోడ్డే అక్కడ ఉండకూడదని, ఆ భాగం మూసేయమని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అది వేరే వ్యాసం.) ముల్లు 70 చూపించగానే అబ్బాయి కంగారుగా బ్రేకు తొక్కాడు. వెనక బస్సు జానెడు దూరంలో ఆగింది. అప్పుడు కారు ముందు కట్టిన నిమ్మకాయలు, మిరపకాయలు తాజాగానే ఉన్నాయి. నష్టం ఏమిటని అడిగేవాళ్ళు ఆ బస్సు డ్రైవర్ని అడగాలి.

తీగ బిగించిన మర్నాడు అక్కయ్యను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఆ మలుపు దగ్గరికి వెళ్ళాం. 30 మీద. ఆమె ముందుకు వంగి, అబ్బాయి భుజం మీంచి చూస్తూనే ఉంది. ముల్లు నిలకడగా 30 దగ్గర నిలబడింది. మలుపు దాటింది. నాకు గెలిచానని అనిపించాలి కదా? ఆమె వెనక్కి వాలి నెమ్మదిగా అంది. "ఏటి తమ్ముడూ, అయితే ఇంక ఆయనేటీ చెప్పరా?"

దానికి నా దగ్గర కిరోసిన్ లేదు. హేతువాదం దుఃఖాన్ని తీసేస్తుందని నేనెప్పుడూ చెప్పలేదు, చెప్పేవాళ్ళను నమ్మవద్దనే చెబుతాను. ఆ రోజు సాయంత్రం బావగారి కారు పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టాను. 1987 నుంచి ఆయన చేతిరాత. ఎక్కడ పెట్రోలు పోయించారో, ఏ నట్టు మార్చారో అన్నీ ఉన్నాయి. ఆయన నిజంగా చెప్పినవి ఇవీ అన్నాను. ఆమె చాలాసేపు తిరగేసింది. ఒకచోట ఆగి "అమ్మాయి పుట్టిన రోజున హాస్పిటల్‌కి మూడుసార్లు తిరిగినట్టు రాశారు, చూడు" అంది. మీటరు అంకెలతో సహా రాశారు.

మర్నాడు పొద్దున్న అక్కయ్యే ఫీజుకు డబ్బు తీసిచ్చింది. గడువు ఇంకా మూడు రోజులుంది. సిద్ధాంతిని వదిలేసిందా అంటే, లేదు, అప్పుడప్పుడూ ఫోన్ చేస్తూనే ఉంటుంది. అమ్మాయి విశాఖ వెళ్ళింది. అబ్బాయి పుస్తకంలో కొత్త పేజీ తీసి "స్పీడో కేబుల్ – కడిగి గ్రీజు, పై జానెడు వదిలి" అని రాశాడు. పెట్రోలు ముల్లు మాత్రం ట్యాంకు నింపినా సగమే చూపిస్తోంది. అది కరెంటు వ్యవహారం, వచ్చే ఆదివారం చూడాలి.